మెనాబ్రేయా: లీస్ట్ వర్క్ సూత్రం చెప్పిన గణితవేత్త, మెంతానా నాటి ప్రధానమంత్రి ఒక్కరేనా?

ప్రశ్న – కృష్ణాతీరం

సివిల్ ఇంజినీరింగ్ చదివినవారందరికీ కాస్టిగ్లియానో పేరు పరిచయమే. ఇండిటర్మినేట్ నిర్మాణాలలో (సమతౌల్య సమీకరణాలతో మాత్రమే తేల్చలేనివాటిలో) అదనపు బలాలను లెక్కగట్టడానికి వాడే లీస్ట్ వర్క్ సూత్రాన్ని కొన్ని పుస్తకాలు మెనాబ్రేయా సూత్రమని కూడా పేర్కొంటాయి. ఆ మెనాబ్రేయా ఎవరో మాకు తరగతిలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇటీవల కంప్యూటర్ల చరిత్ర చదువుతుండగా ఇదే పేరు మళ్ళీ కనిపించింది. చార్లెస్ బాబేజ్ తలపెట్టిన అనలిటికల్ ఇంజన్ అనే లెక్కలు కట్టే యంత్రం గురించి 1842లో ఫ్రెంచి భాషలో వ్యాసం రాసినవాడు మెనాబ్రేయా అనీ, అడా లవ్‌లేస్ తన ప్రసిద్ధమైన వివరణలను జోడించింది ఆ వ్యాసానికేననీ అందులో ఉంది. ఆ తరువాత ఇటలీ ఏకీకరణ చరిత్రలో, 1867లో ఏకీకరణ యోధుడు గారిబాల్డీని నిర్బంధించిన ప్రభుత్వానికి అధిపతి జనరల్ మెనాబ్రేయా అని మరొకచోట చదివాను. ముగ్గురూ ఒక్కరేనా? ఒక్కరే అయితే ఒక సైనిక ఇంజినీరు ప్రధానమంత్రి పదవి దాకా ఎలా చేరుకున్నాడు? రాజుకు అంత నమ్మకమైన మనిషి పార్లమెంటులో ఎందుకు అంత అప్రియుడయ్యాడు? గారిబాల్డీ, కవూర్, మజ్జినీల గురించి తెలుగులో చాలానే వచ్చింది కానీ ఈయన గురించి నాకు ఏమీ దొరకలేదు. తెలిసిన పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం 1 – పాత కోటలు

ముగ్గురూ ఒక్కరే. పూర్తి పేరు లుయీజీ ఫెడెరికో మెనాబ్రేయా. 1809 సెప్టెంబరు 4న సవోయ్ ప్రాంతపు ముఖ్యపట్టణమైన షాంబెరీలో పుట్టాడు. అప్పటికి ఆ ఊరు నెపోలియన్ ఏలుబడిలో ఉంది. నెపోలియన్ పతనం తరువాత సవోయ్ తిరిగి సార్డీనియా రాజుల (సవోయ్ రాజవంశం, తరువాత ఇటలీ రాజులు) చేతికి వచ్చింది కాబట్టి ఆయన పెరిగినది ఆ రాజ్య ప్రజగానే. ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు, గణితం చదివి డాక్టరేటు పొందాడు. ఖగోళ గణితంలో యూరప్ అంతటా పేరున్న జొవాన్నీ ప్లానా ఆయన గురువు.

చదువు ముగిశాక సైన్యంలోని ఇంజినీర్ల దళంలో చేరాడు. 1831లో అవోస్తా లోయలోని బార్డ్ కోటకు ఆయనను పంపినప్పుడు అక్కడ ఖాళీ చేసి వెళ్ళిన అధికారి మరెవరో కాదు, కవూర్. ఉదారవాద భావాల వల్ల పైవారి అనుమానానికి గురై విసిగిపోయిన కవూర్ అదే ఏడాది సైన్యాన్నే వదిలేశాడు. ఇటలీకి మొదటి ప్రధాని కాబోయే వ్యక్తి ఖాళీ చేసిన చోటికి, తరువాతి కాలంలో అదే పదవిని చేపట్టబోయే మరొకడు వచ్చి చేరడాన్ని చరిత్రకారులు పెద్దగా పట్టించుకోకపోయినా నాకు మాత్రం చెప్పకుండా ఉండబుద్ధి కాదు. కోట పని తరువాత మెనాబ్రేయా ట్యూరిన్‌లోని సైనిక అకాడమీలోనూ విశ్వవిద్యాలయంలోనూ యంత్రశాస్త్రం, నిర్మాణశాస్త్రం బోధించాడు.

బాబేజ్ ప్రస్తావన ఈ దశలోనిదే. 1840లో ఇటలీ శాస్త్రవేత్తల రెండవ మహాసభ ట్యూరిన్‌లో జరిగింది. సొంత దేశంలో ప్రభుత్వ సహాయం అందక నిరాశలో ఉన్న బాబేజ్, ప్లానా ఆహ్వానాన్ని మన్నించి తన యంత్రం నమూనాలు, పటాలు వెంట పెట్టుకుని వచ్చి అక్కడి గణితవేత్తలకు దాని పనితీరును వివరించాడు. ఆ వివరణలను ఆధారం చేసుకుని మెనాబ్రేయా రాసిన వ్యాసం 1842లో జెనీవా పత్రికలో వెలువడింది. దానిని కేవలం నివేదిక అనుకోరాదు. రెండు తెలియని రాశులున్న రెండు సమీకరణాలను ఆ యంత్రం ఏ క్రమంలో సాధిస్తుందో ఆయన పట్టికగా వేసి చూపాడు. మరుసటి ఏడాది వచ్చిన లవ్‌లేస్ వివరణలు మూలవ్యాసానికి సుమారు మూడు రెట్ల పొడవుండి దానిని మించిపోయిన మాట నిజమే. అయితే ఆ వివరణలకు పునాదిగా నిలిచిన వ్యాసాన్ని ఒక సైనిక ఇంజినీరు రాశాడన్నది మరుగున పడిపోయింది. బాబేజ్ మాత్రం ట్యూరిన్‌లో దొరికిన ఆదరణను మరువలేదు. 1864లో అచ్చయిన తన ఆత్మకథను ఇటలీ రాజు రెండవ విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కు అంకితం ఇచ్చాడు. నాటి మహాసభ జరిగినది ఆ రాజు తండ్రి కార్లో అల్బెర్తో ఏలికలో.

ఇక సైనిక జీవితం. 1848లో ఆస్ట్రియాపై తిరుగుబాట్లు చెలరేగినప్పుడు మోదెనా, పార్మాలను సార్డీనియా పక్షానికి తెచ్చే దౌత్యానికి రాజు ఆయనను పంపాడు. ఆ వెంటనే పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1859 యుద్ధంలో మేజర్ జనరల్‌గా ఇంజినీర్ల దళాన్ని నడిపించి, పలెస్త్రో, సోల్ఫెరీనో పోరాటాలలో పాల్గొని, పెస్కియెరా కోట ముట్టడి పనులను పర్యవేక్షించాడు. మూడవ నెపోలియన్ విల్లాఫ్రాంకాలో ఉన్నట్టుండి ఆస్ట్రియాతో సంధి చేసుకోవడంతో ఆ ముట్టడి అసంపూర్ణంగా ఆగిపోయింది.

ఆయన వృత్తి నైపుణ్యం అందరికీ తెలిసివచ్చినది గయేతా ముట్టడిలో. రెండు సిసిలీల రాజ్యానికి చివరి రాజైన రెండవ ఫ్రాంచెస్కో, గారిబాల్డీ చేతిలో నేపుల్స్ పోగొట్టుకున్న తరువాత, సముద్రంలోకి చొచ్చుకుని ఉన్న ఆ కోటలో తలదాచుకున్నాడు. 1860 నవంబరు నుండి 1861 ఫిబ్రవరి 13 దాకా ముట్టడి సాగింది. సైన్యానికి నాయకుడు చల్దీనీ, ఇంజినీరింగు పనులకు అధిపతి మెనాబ్రేయా. ఫ్రెంచి నౌకాదళం రేవులో నిలిచి ఉన్నంతకాలం సముద్రం వైపు నుండి కోటను దిగ్బంధించడం సాధ్యం కాలేదు. జనవరిలో అది వెళ్ళిపోయాక కోట ఎక్కువ రోజులు నిలవలేదు. ఆ విజయానికి ఆయనకు కౌంట్ బిరుదు లభించింది.

తరువాతివన్నీ మంత్రి పదవులే. రికాసోలీ మంత్రివర్గంలో నౌకాదళం, 1862 చివరి నుండి 1864 దాకా ఫరీనీ, మింగెత్తీ మంత్రివర్గాలలో ప్రజాపనుల శాఖ. 1866 అక్టోబరు 3న వియన్నాలో ఆస్ట్రియాతో శాంతి ఒప్పందంపై ఇటలీ తరఫున సంతకం చేసినది ఆయనే. వెనీషియా ఇటలీకి దక్కిందీ, ఆస్ట్రియన్లు పట్టుకుపోయిన లొంబార్డీ ఇనుప కిరీటం తిరిగి వచ్చిందీ ఆ ఒప్పందంతోనే. ఆ కిరీటాన్ని వియన్నాలో స్వయంగా అందుకున్నదీ మెనాబ్రేయాయే. ప్రధానిగా ఆయన పాలన గురించి నాకంటె బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు.

సమాధానం 2 – ఫ్లోరెన్స్ రాజధాని

పై సమాధానం చదివితే మెనాబ్రేయా మీద గౌరవం కలగడం సహజమే. కానీ 1867–69 మధ్య ఆయన పాలనను చూడకుండా ఆయనను అంచనా వేయలేము. నా అభిప్రాయంలో ఆయన దేశానికి ప్రధానిగా కంటె రాజుకు ఏడీసీ (సొంత సైనిక సహాయకుడు)గానే పదవిని నిర్వహించాడు. పార్లమెంటు ఆయనను సహించలేకపోవడానికి అసలు కారణం ఇదే. ఇది అలంకారానికి అంటున్న మాట కాదు, ఆయన నిజంగానే విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కు ప్రధాన ఏడీసీ.

ఆయన పదవిలోకి వచ్చిన తీరును గమనించండి. 1867 అక్టోబరులో గారిబాల్డీ స్వచ్ఛంద సైనికులతో పోపు రాజ్యంపై దాడికి దిగాడు. ప్రధాని రత్తాజ్జీ బయటికి కాదంటూ లోలోపల ప్రోత్సహిస్తున్నాడని అందరికీ తెలుసు. 1864 సెప్టెంబరు ఒప్పందం ప్రకారం పోపు సరిహద్దులను కాపాడే బాధ్యత ఇటలీదే కనుక, మూడవ నెపోలియన్ దీనిని మాట తప్పడంగా భావించి సైన్యాన్ని పంపడానికి సిద్ధమయ్యాడు. రత్తాజ్జీ రాజీనామా చేశాడు, చల్దీనీ మంత్రివర్గం ఏర్పాటు చేయలేక చేతులెత్తేశాడు. పార్టీల బలంతో పని లేకుండా, పిలవగానే వచ్చే నమ్మకస్తుడు రాజుకు అవసరమయ్యాడు. అక్టోబరు 27న మెనాబ్రేయా ప్రధాని అయ్యాడు. స్వచ్ఛంద సైనికులతో తమకు సంబంధం లేదని రాజు పేరుతో అదే రోజు ప్రకటన వెలువడింది. వారం తిరగకముందే, నవంబరు 3న, మెంతానా దగ్గర పోపు సైన్యం, ఫ్రెంచి దళాలు కలిసి గారిబాల్డీని ఓడించాయి. ఫ్రెంచివారి కొత్త షాస్పో తుపాకులు అద్భుతాలు చేశాయని వారి సేనాని రాసిన మాట ఇటాలియన్లను ఓటమి కంటె ఎక్కువగా బాధించింది. వెనుదిరిగిన గారిబాల్డీని రైలులో వెళుతుండగా ఫిల్యీనే స్టేషనులో నిర్బంధించి, లా స్పేత్సియా దగ్గరి వరిన్యానో కోటకు తరలించారు. కొద్ది వారాల తరువాత ఆయనను కప్రేరా ద్వీపానికి పంపివేశారు.

న్యాయంగా మాట్లాడితే మెనాబ్రేయా ముందు వేరే దారి లేదు. ఫ్రాన్స్‌తో యుద్ధానికి దిగే శక్తి ఇటలీకి ఆనాడు లేదు, ఏడాది కిందటే ఆస్ట్రియా చేతిలో కుస్తోజాలో, లీసా సముద్రయుద్ధంలో సైన్యం, నౌకాదళం రెండూ పరువు పోగొట్టుకున్నాయి. పైగా గారిబాల్డీని కాదన్నంత మాత్రాన ఆయన రోమ్‌ను వదులుకోలేదు. పోపు లౌకికాధికారం కొనసాగడం తగదనీ, రోమ్ విషయంలో జోక్యం చేసుకునే హక్కు ఇటలీకి ఉందనీ ఫ్రాన్స్‌కు స్పష్టంగా తెలియజేశాడు. 1859 దాకా పోపుకూ రాజ్యానికీ రాజీ కుదురుతుందని నమ్మిన కథోలిక సంప్రదాయవాది నోట ఈ మాట రావడం చిన్న విషయం కాదు. అయినా ఫ్రెంచి మంత్రి రూయే, ఇటలీ ఎన్నటికీ రోమ్‌ను స్వాధీనం చేసుకోజాలదని డిసెంబరులో తమ సభలో ప్రకటించిన తరువాత, ఇటలీలో మెనాబ్రేయా మాటకు విలువ లేకుండా పోయింది. డిసెంబరు 22న ప్రతినిధుల సభలో అనుకూలంగా 199, వ్యతిరేకంగా 201 ఓట్లు పడి ప్రభుత్వం ఓడిపోయింది. రాజు చేసినదేమిటి? మళ్ళీ మెనాబ్రేయానే పిలిచి కొత్త మంత్రివర్గం ఏర్పాటు చేయించాడు. 1869 మేలో మరోసారి అదే జరిగింది. రెండేళ్ళలో ఒకే మనిషి నాయకత్వాన మూడు మంత్రివర్గాలు వచ్చాయంటే ఆ పదవి సభ బలం మీద కాక రాజు ఇష్టం మీద నిలిచిందని వేరే చెప్పనక్కరలేదు.

సామాన్యులకు ఈ ప్రభుత్వం గుర్తుండిపోయినది పిండిమరల పన్ను వల్ల. 1866 యుద్ధం తరువాత ఖజానా దివాలా అంచున ఉంది, కాగితపు నోట్లకు బంగారం ఇవ్వడం అంతకుముందే ఆపేశారు. ఆర్థికమంత్రి కంబ్రే దిన్యీ 1868 జూలైలో తెచ్చిన చట్టం ప్రకారం క్వింటాలు గోధుమలు విసిరితే 2 లీరాల పన్ను కట్టాలి, మొక్కజొన్నకు అంతకంటె తక్కువ. చూడటానికి స్వల్పంగా కనిపించినా, రొట్టె, మొక్కజొన్న సంకటి తప్ప మరొకటి ఎరుగని పేద రైతుకూలీల మీద అది నేరుగా పడింది. పన్ను ఎంతో తేల్చడానికి తిరగలి రాయి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించే మీటరును ప్రతి మరకూ బిగించాలన్నది ఆలోచన. లెక్కలు కట్టే యంత్రం గురించి యూరప్‌కు తెలియజెప్పినవాడి ప్రభుత్వంలోనే లెక్కలు కట్టే యంత్రాన్ని జనం ద్వేషించారు! నిజానికి 1869 జనవరి 1న చట్టం అమలులోకి వచ్చేనాటికి ఆ మీటర్లు సిద్ధంగా లేవు. మరల యజమానులతో ఉజ్జాయింపుగా పన్ను ఒప్పందాలు కుదుర్చుకోవాలని చూస్తే చాలామంది మరలు మూసేశారు. ఎమీలియా ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు తిరగబడ్డాయి, మునిసిపల్ కార్యాలయాలలోని కాగితాలను తగలబెట్టారు. అణచివేతకు పూర్తి అధికారాలతో జనరల్ రఫాయేలె కదోర్నాను పంపారు. 250 మందికి పైగా చనిపోయారనీ, వేలమంది అరెస్టయ్యారనీ చరిత్ర గ్రంథాలు చెబుతాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 20న రోమ్‌లోకి ప్రవేశించిన సైన్యానికి నాయకుడు ఈ కదోర్నాయే.

దీనికి తోడు పొగాకు గుత్తాధికారం వ్యవహారం. 18 కోట్ల లీరాల ముందస్తు సొమ్ము కోసం పొగాకు ఆదాయాన్ని 15 ఏళ్ళకు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించడం, అందులో పార్లమెంటు సభ్యులకు వాటాలున్నాయన్న ఆరోపణ, ఆధారాలున్నాయని ప్రకటించిన లోబ్బియా అనే సభ్యునిపై 1869 జూన్‌లో ఫ్లోరెన్స్ వీధిలో కత్తితో దాడి, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. మెనాబ్రేయా లంచం తిన్నాడని చెప్పడానికి ఆధారం లేదు, కానీ ఆ మురికి ఆయన ప్రభుత్వానికి అంటుకుంది. 1869 నవంబరులో సభాధ్యక్ష పదవికి ప్రభుత్వం నిలబెట్టిన మొర్దీనీ ఓడిపోయి లాంజా గెలవడంతో ఆయన రాజీనామా చేశాడు. ప్రధాని కావడానికి లాంజా పెట్టిన షరతులను గమనించండి: మెనాబ్రేయాను, ఆయన సహచరులు కంబ్రే దిన్యీని, గ్వాల్తేరియోను రాజాస్థానంలోని కొలువుల నుండి తొలగించాలన్నాడు. ప్రభుత్వం పోయినా ఆస్థానంలో వీరి మాట చెల్లుతూనే ఉంటుందని పార్లమెంటుకు బాగా తెలుసు.

సమాధానం 3 – స్ట్రెయిన్ ఎనర్జీ

రాజకీయాల గురించి నాకు పెద్దగా తెలియదు. ఇంజినీరింగు వైపు ప్రశ్న మిగిలిపోయింది కాబట్టి దానికి జవాబిస్తాను.

ఒక ఫ్రేములో సమతౌల్య సమీకరణాలకు మించి సభ్యాలున్నప్పుడు వాటిలోని బలాలను కేవలం సమతౌల్యంతో తేల్చలేము. అటువంటి చోట బలాల పంపిణీ మొత్తం స్ట్రెయిన్ ఎనర్జీ (బలాలకు వంగి, సాగినప్పుడు నిర్మాణంలో నిల్వ ఉండే శక్తి) కనిష్ఠమయ్యేలా ఉంటుందన్న సూత్రాన్ని మెనాబ్రేయా 1857లో ట్యూరిన్ అకాడమీ ముందు, 1858లో పారిస్ అకాడమీ ముందు ఉంచాడు. ప్రతిపాదన సరైనదే, నిరూపణ మాత్రం గట్టిది కాదని సమకాలికులు అభ్యంతరం చెప్పారు. తేదీలు ఒకసారి గమనించండి: 1859 యుద్ధం, 1860 గయేతా ముట్టడి, తరువాత వరుసగా మంత్రి పదవులు. నిరూపణను సరిదిద్దుకునే తీరిక ఆయనకు దొరకకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఈలోగా ఆస్తీలో పేద కుటుంబంలో 1847లో పుట్టిన కార్లో అల్బెర్తో కాస్టిగ్లియానో, 1873లో ట్యూరిన్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో, స్ట్రెయిన్ ఎనర్జీని ఒక బలంతో పాక్షిక అవకలనం చేస్తే ఆ బలం దిశలో స్థానభ్రంశం వస్తుందని నిరూపించాడు. అదనపు సభ్యాల విషయంలో దీనిని వర్తింపజేస్తే మెనాబ్రేయా సూత్రం దానంతట అదే వస్తుంది. 1875లో మెనాబ్రేయా తన సూత్రానికి కొత్త నిరూపణ ప్రకటిస్తూ ఈ యువకుని పేరును ఒక పాదసూచికకు పరిమితం చేశాడు. అప్పటికి రైల్వేలో ఉద్యోగం చేస్తున్న కాస్టిగ్లియానో నిరసన తెలిపాడు. ఒకవైపు మాజీ ప్రధాని, సెనేటరు, జనరల్. మరొకవైపు ఇరవై ఎనిమిదేళ్ళ రైల్వే ఇంజినీరు. ఈ వివాదంపై రోమ్‌లోని లించేయీ శాస్త్ర అకాడమీ నియమించిన సంఘానికి గణితవేత్త లుయీజీ క్రెమోనా అధ్యక్షుడు. కాస్టిగ్లియానో చేసినది మెచ్చదగిన పనేననీ, అయితే ఆ సూత్రాన్ని అందరి వాడుకలోకి తెచ్చిన ఘనతను మెనాబ్రేయా నుండి ఎవరూ తీసివేయలేరనీ ఆయన తేల్చాడు. తీర్పు పెద్దమనిషి వైపే మొగ్గింది. కాస్టిగ్లియానో 1884లోనే, నలభై ఏళ్ళు నిండకుండా మరణించాడు. ఆ తరువాత పాఠ్యపుస్తకాలు ఆయన వైపు మొగ్గాయి. హైదరాబాద్‌లోనైనా కాకినాడలోనైనా ఇవాళ విద్యార్థి పరీక్షలో రాసేది కాస్టిగ్లియానో పేరే. నా దృష్టిలో ఇది సబబే. సూత్రాన్ని ముందుగా స్పష్టంగా చెప్పిన గౌరవం మెనాబ్రేయాకు ఉండాలి, కానీ స్థానభ్రంశాలను లెక్కగట్టే సాధనంగా దానిని మన చేతికిచ్చినవాడు కాస్టిగ్లియానో.

కృష్ణాతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. 1860లో సవోయ్‌ను ఫ్రాన్స్‌కు ఇచ్చేశారు కదా. మరి షాంబెరీలో పుట్టినవాడు ఇటలీలో ఎలా ఉండిపోయాడు? పదవి పోయిన తరువాత ఏం చేశాడు?

పాత కోటలు

1859 యుద్ధంలో ఫ్రాన్స్ చేసిన సహాయానికి మూల్యంగా 1860 మార్చి 24 నాటి ట్యూరిన్ ఒప్పందంతో సవోయ్, నీస్ ఫ్రాన్స్‌కు దక్కాయి. ఏప్రిల్‌లో జనాభిప్రాయ సేకరణ కూడా జరిపించారు. సవోయ్‌కు చెందిన అధికారులు ఏదో ఒక జెండాను ఎంచుకోవలసి వచ్చింది. మెనాబ్రేయా మాతృభాష ఫ్రెంచి, బంధువర్గమంతా ఫ్రాన్స్‌లో కలిసిపోయిన ఊళ్ళలోనే ఉంది. అయినా ఆయన ఇటలీని ఎంచుకున్నాడు. అప్పటికే సెనేటరు అయ్యాడు, ముప్ఫై ఏళ్ళ కొలువు ఆ రాజవంశం కిందనే గడిచింది. ఇటలీ అన్న భావన కంటె సవోయ్ రాజవంశం మీది విధేయతే ఈ నిర్ణయానికి మూలమని నేననుకుంటాను. పై మిత్రులు చెప్పిన ఏడీసీ మాటతో నాకు పేచీ లేదు. అయితే రాజవంశాన్ని నమ్ముకుని జన్మభూమిని వదులుకున్నవాడు రాజు పిలిస్తే కాదనడం ఎలా సాధ్యమో కూడా ఆలోచించాలి.

1876 నుండి లండన్‌లో, 1882 నుండి పదేళ్ళపాటు పారిస్‌లో ఇటలీ రాయబారిగా పనిచేశాడు. పారిస్ పదవి సుఖమైనది కాదు. అంతకు ముందు ఏడాదే ఫ్రాన్స్ ట్యునీషియాను ఆక్రమించడంతో ఇటలీ మండిపడి ఉంది, 1882లో జర్మనీ, ఆస్ట్రియాలతో త్రైపాక్షిక కూటమిలో చేరింది, 1888 నుండి రెండు దేశాల మధ్య సుంకాల పోరు ముదిరింది. ఫ్రెంచివారికి ఫ్రెంచివాడిలాగే కనిపించే ఈ ముసలి జనరల్ అన్నేళ్ళూ ఇటలీ పక్షాన వారితో వాదిస్తూ వచ్చాడు. 1892లో విరమించుకుని షాంబెరీ పక్కనున్న సేంత్-కసేన్ చేరుకుని, 1896 మే నెలలో అక్కడే మరణించాడు. అప్పటికి ఆ ఊరు ఫ్రాన్స్‌లో కలిసి 36 ఏళ్ళు.